తల్లి మాట వినని లిఫ్టు

“ఆ స్టాప్ బటన్ వదిలావంటే అందరూ చస్తారు బావా!”

బిల్డింగ్ మేనేజరు వేలు బటన్ మీదే బిగుసుకుపోయింది. గ్రౌండ్ ఫ్లోరు నిండా పొగ. అలారం మోగితే లిఫ్టులన్నీ గ్రౌండ్‌కి దిగి తలుపులు తెరవాలన్నది రూలు. ఏడు లిఫ్టులూ సరిగ్గా ఆ పొగలోకే బయల్దేరితే, పై అంతస్తులోని కంట్రోల్ రూములోంచి మధ్యలో ఆపేశాడు. ఇప్పుడవి మనుషులతో సహా గాల్లో వేలాడుతున్నాయి. పొగ పైకి పాకుతోంది.

“నువ్వు రాసిన ప్రోగ్రామే కదా, ఏదో ఒకటి ఏడువు!”

మరదలు అప్పటికే కీబోర్డు ముందు కూర్చుంది. వెనకాల ఓనరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బల్ల మీద మేనేజరు ఫోన్ ఒకటే వణుకు. విసుగ్గా బోర్లించాడు.

“క్లాసులతో రాయమని మొత్తుకున్నా. ఒకటే అచ్చు, అన్ని లిఫ్టులూ దాన్నించే పుడతాయి, ఏదీ గీత దాటదు. విన్నావా?”

“అచ్చు మారిస్తే లిఫ్టులన్నిటినీ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి బావా. అరగంట పని. అందాకా ఊపిరి బిగబట్టుకోమని వాళ్లకి నువ్వు చెబుతావా?”

“మరి నీ ప్రోటోటైపు ఏం ఊడబొడుస్తుంది?”

“ఇక్కడ అచ్చు లేదు. ఒకటో నంబరు లిఫ్టే మిగతావాటికి తల్లి. తమకు తెలియనిది అవి దాన్నే అడుగుతాయి. ‘పైనున్న ఫ్లోరుకెళ్లి తలుపు తియ్యి’ అని ఆ ఒక్కదానికి నేర్పితే చాలు. ఏదీ మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు, అన్నిటికీ వచ్చేస్తుంది.”

టకటకా కొట్టింది. చివర్లో ఆగింది.

“ఒక్క మాట. దేనికైనా సొంత రూలు పెట్టించావా? సొంత రూలున్నది తల్లిని అడగదు, దాని దారి దానిదే. ఉంటే చెప్పు, ఆ లైను చెరిపేస్తా. వెతికే టైము లేదు.”

మేనేజరుకి చప్పున గుర్తొచ్చింది. ఏడో నంబరు. ఆమె సెలవులో ఉన్నప్పుడు ఇంకో ప్రోగ్రామరు చేత దానికి సొంత రూలు రాయించుకున్నాడు. మేనేజరు కార్డు పెడితేనే ఎక్కనిస్తుంది. ఎవరి కోసమూ మధ్యలో ఆగదు. అలారం మోగితే నేరుగా గ్రౌండ్‌కే.

ఓనరు నడక ఆపాడు. “ఎవరికీ సొంత లిఫ్టు ఉండకూడదన్నాను. గుర్తుందిగా మేనేజరుగారూ?”

ఉద్యోగం కళ్ల ముందు ఊగింది. అయినా ఆ లిఫ్టులో ఎవరుంటారు? కార్డు కోటు జేబులో ఉంది. కోటేమో పొద్దున హడావుడిలో ఇంట్లో వదిలేసి వచ్చాడు.

“అలాంటివేం లేవు.”

“ఒట్టు?”

“మీ అక్క మీదొట్టు! ముందు ఆ పని కానీ!”

ఆమె మీట నొక్కింది. అతను బటన్ వదిలాడు.

తెర మీద దీపాలు ఒక్కొక్కటే పైకి కదిలాయి. తలుపులు తెరుచుకున్నాయి. జనం దగ్గుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ బయటపడ్డారు. ఓనరు కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు.

“బావా, ఏడోది కిందికి పోతోందేంటి?”

“ఖాళీదేలే. వదిలెయ్.”

ఏడో దీపం గ్రౌండ్ దగ్గర ఆగింది. బోర్లించిన ఫోన్ మళ్లీ వణికింది. ఈసారి తీశాడు.

“ఎన్నిసార్లు చెయ్యాలండీ మీకు?” అవతల భార్య దగ్గుతోంది. “మీ కోటు తెస్తున్నా. జేబులో కార్డుందిగా, మీ లిఫ్టే ఎక్కా, మధ్యలో ఆగిపోయి మళ్లీ కిందికే వచ్చింది... ఇప్పుడే తలుపు తెరుచుకుంది... ఏంటండీ, ఇంత పొగ?”