కోతపండుగ కోడి

బీదర్ పక్కన చిద్రిలో, చర్చి ముందు కోతపండుగ కానుకల వేలం మొదలయ్యేదాకా ఏసప్ప అందరితో వాదిస్తూనే ఉన్నాడు. క్రికెట్ ఆటగాళ్ళను వేలం వేస్తే తప్పేంటన్నాడు. హైదరాబాద్ వాళ్ళొచ్చి బీదర్ చుట్టూ భూములు కొంటే తప్పేంటన్నాడు.

"పైసలున్నోడు కొంటడు. దానికి ఏడ్సుడెందుకు?"

పాస్టరు ముందుగా ఏసప్ప కానుకగా ఇచ్చిన నల్లకోడిని పైకెత్తారు. అతని ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కోడే. ఏటా ఇంటికోడిని ఇచ్చి, వేలంలో తనే పాడుకుని తిరిగి తెచ్చుకోవడం అతని అలవాటు. ఇచ్చినవాళ్ళు పాడుతుంటే మిగతావాళ్ళు పోటీకి రారు. అది అక్కడి మర్యాద.

ఆ మర్యాద నోయల్‌కు తెలియదు. హైదరాబాద్‌లో ప్లాట్ల వ్యాపారం చేస్తూ, ఈమధ్యే ఈ చర్చికి రావడం మొదలుపెట్టాడు. ఏసప్ప పాట పెంచినకొద్దీ అతనూ నవ్వుతూ పెంచాడు. చివరికి ఏసప్ప జేబు తడుముకుని ఆగిపోయాడు.

నోయల్ అతని మొహం చూశాడు. "మామా, నీకు గావాల్నా? చెప్పు, ఇడ్సిపెడ్త."

పొద్దుటి నుంచి వాదించినవాళ్ళంతా ఇటే చూస్తున్నారు.

"నాకెందుకు? పైసలున్నోడే కొనాలె," అన్నాడు ఏసప్ప.

కోడి కారెక్కి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి, పెరట్లో బోర్లించి ఉన్న గంప ఎత్తాడు. మొన్ననే గుడ్లలోంచి బయటపడ్డ పిల్లలు, తల్లి వచ్చిందనుకుని అతని పాదాల మీదికి ఎగబడ్డాయి.

ఏసప్ప చతికిలబడి వాటి మీద కండువా కప్పాడు. కండువా కింద కూడా అవి అరుస్తూనే ఉన్నాయి.