మగచేప గుడ్లు

“దీదీ, ఫోటో ఉల్టా వచ్చింది. తిరగేసి మళ్ళీ తీస్తాను,” అన్నాడు మనోజ్‌కుమార్.

భిలాయి స్మృతి నగర్‌లో అతనిది చిన్న ప్రింటింగ్ షాపు. సుప్రియ కాగితం అందుకుని చూసింది.

“సరిగానే ఉంది మనోజ్.”

“ఎలా దీదీ? చేపకి లైట్లన్నీ కిందున్నాయి. లైట్లంటే పైన కదా ఉండాలి!”

“ఆ చేపకి పొట్ట కిందే ఉంటాయి బాబూ,” అన్నాడు వెనక జిరాక్సు కోసం నిలబడ్డ పెద్దాయన.

సుప్రియ గిరుక్కున తిరిగింది.

“మీకెలా తెలుసు తాతగారూ?”

“మాది విశాఖపట్నమమ్మా. చేపల్ని చూడకుండా ఎలా పెరుగుతాం?”

“రోహిణి దీదీ వాళ్ళ నాన్నగారు. ఈ పక్కనే కోహ్కాలో ఉంటారు,” అని మనోజ్ పరిచయం చేశాడు.

పెద్దాయన ఫోటో దగ్గర నుంచి కదల్లేదు. పక్కనే టీ కొట్టుంది. ఇద్దరూ అక్కడ కూర్చున్నారు.

సుప్రియ కొచ్చిలో సముద్ర జీవుల మీద పరిశోధన చేస్తోంది. అమ్మ కంటి ఆపరేషనుకని సెక్టర్ 7లోని ఇంటికి వచ్చింది. వస్తూ సగం రాసిన వ్యాసాన్ని కూడా వెంట తెచ్చుకుంది. ఇంట్లో దాని గురించి వినే ఓపిక ఎవరికీ లేదు. నాన్నకి స్టీల్ ప్లాంటు కబుర్లు కావాలి, అమ్మకి సీరియల్ కావాలి.

“ఇది దీపాల చేప తాతగారూ. వేలెడంతే ఉంటుంది. నడిసముద్రంలో, ఎండ దిగని లోతుల్లో తిరుగుతుంది. చాలా ఏళ్ళ కిందట వాసుదేవరావుగారని ఒకాయన దీన్ని మొదట గుర్తించారు. తోక మొదట్లో పైన దీపం ఉన్నది మగది, కింద దీపం ఉన్నది ఆడది అని తన పుస్తకంలో రాశారు.”

“మరైతే ఏటి గొడవ?”

“మొన్న మాకు దొరికిన వాటిలో, పైన దీపం ఉన్నదాని కడుపులో గుడ్లున్నాయి.”

పెద్దాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“మగదానికి గుడ్లా?”

“ఒక్కదానికి కాదు, చాలావాటికి. చూస్తే రెండు రకాల్లోనూ ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి.”

ఆయన నవ్వడం మొదలెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. కొట్టువాడు కూడా తలెత్తి చూశాడు.

“అయితే అది ఆడా మగా కాదు. రెండు వేరు వేరు జాతులు!”

“అవును. రెండో దానికి నేను పేరు పెట్టాలి.”

“పెట్టు మరి. ఆలస్యం దేనికి?”

సుప్రియ రాసింది చూపించింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చదువుతూ చదువుతూ మొహం చిట్లించాడు.

“ఇదేటమ్మా? ‘పునరాలోచించే అవకాశం ఉండవచ్చునేమో’... ఒక తప్పుకి ఇన్ని దుప్పట్లు కప్పావేటి?”

“ఆయన జీవితం మొత్తంలో గుర్తించిన చేప ఇదొక్కటే. ఉత్తరం రాద్దామంటే ఎక్కడున్నారో ఎవరూ చెప్పలేకపోయారు. చూస్తే బాధపడతారేమో.”

“అంత తప్పు ఎలా చేశాడు?”

“ఆయనకి దొరికినవి వలలో నలిగిపోయినవండీ. పొట్టలే మిగల్లేదు. ఎవరైనా అలాగే అనుకునేవారు.” సుప్రియకి కోపం వచ్చినంత పనైంది. “కానీ ఆయన వేసిన బొమ్మలు చూడాలి మీరు. ఒక్క చుక్క కూడా ఊహించి పెట్టలేదు. ఆ బొమ్మలు అంత నిజంగా లేకపోతే నాకీ తేడా తెలిసేదే కాదు.”

పెద్దాయన రోడ్డు మీద స్కూలు పిల్లలు సైకిళ్ళ మీద పోతుంటే అటే చూస్తూ కూర్చున్నాడు.

“ఆ మాట ఇందులో రాశావా?”

“లేదు.”

“అది రాయి. తప్పుని కూడా తప్పనే రాయి. ఆయన పుస్తకం చూసి చదువుకునే పిల్లలున్నారా?”

“చాలామంది.”

“మరి వాళ్ళకేటి చెప్తావు? పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది, అంచేత మీరు తప్పే నేర్చుకోండి అంటావా?”

సుప్రియ అక్కడే కలం తీసి ఆ వాక్యం కొట్టేసింది. ‘మొదటి వర్ణన పొరపాటు. ఆ పొరపాటును పట్టించినవి ఆయన నిజాయితీగా వేసిన బొమ్మలే’ అని రాసింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

“వ్యాసం చివర మీకు కృతజ్ఞత చెప్తాను. మీ పేరేంటి తాతగారూ?”

“టీ తాగి నాలుగు మాటలన్నవాడికి పేరెందుకమ్మా? చేపకి పెట్టు పేరు.” ఆయన నవ్వుతూనే లేచాడు.

వ్యాసం అచ్చయింది. పెద్ద పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. చివర్లో ‘భిలాయిలో కలిసిన ఒక పెద్దమనిషికి’ అని కృతజ్ఞత చెప్పింది సుప్రియ.

మరుసటి ఏడు సెలవుల్లో, అచ్చు కాపీ పట్టుకుని కోహ్కా వెళ్ళింది. తలుపు తీసిన రోహిణిని, తాతగారున్నారా అని అడిగింది.

“నాన్నగారు చలికాలంలో పోయారండీ. ఏ బాధా పడలేదు, నిద్రలోనే. రండి, బైఠియే.”

సుప్రియ కాపీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

“ఒక్కసారి చూపిద్దామనుకున్నాను. ఆయన ధైర్యం చెప్పకపోతే ఇది ఇలా రాసేదాన్ని కాదు.”

రోహిణి కాపీ మీదున్న చేప బొమ్మని, ఆమెని పరీక్షగా చూసింది. తర్వాత మొహం విప్పారింది.

“ఓహో, చేపల అమ్మాయి మీరేనా! ఆ రోజు నాన్నగారు గల్లీ అంతా జలేబీలు పంచారు. ఏంటి నాన్నా ఖుషీ అనడిగితే, ‘నేను మగదని రాసిన చేప కడుపులో గుడ్లు దొరికాయే అమ్మా. ఆ పిల్లకి మాత్రం నా పేరు చెప్పకండి, తెలిస్తే మళ్ళీ మెత్తగా రాసేస్తుంది’ అన్నారు.”