బొంగరం నిద్ర

బల్ల కిందికి దూరిన కూతుర్ని కాలు పట్టుకుని బయటికి లాగింది తల్లి. ఏడేళ్ల ఆ పిల్లని ఇంటిల్లిపాదీ బొంగరం అనే పిలుస్తారు. డాక్టరమ్మ గదిలోకి వచ్చిన కాసేపట్లోనే అది బరువు మిషనెక్కి గెంతింది, పెన్నుల డబ్బా బోర్లించింది, చేతులు కడిగే కుళాయి తిప్పి వదిలేసింది.

“ఈసారి దీనికి నిద్రమాత్ర రాయాల్సిందే డాక్టరుగారూ. రాసేదాకా ఇక్కణ్ణుంచి కదలను.”

“పోయినసారి చెప్పినవన్నీ చేశారా?”

“ఒక్కటీ వదల్లేదు. చీకటి పడితే టీవీ లేదు, ఫోను లేదు. సాయంత్రం పార్కులో పరుగులు, వచ్చాక గోరువెచ్చటి నీళ్ళతో స్నానం. రోజూ ఒకే వేళకి పక్క. ఎంచక్కా పడుకుంటుంది. నాకు కన్ను అంటుకోగానే లేస్తుంది.”

“లేచి ఏం చేస్తుంది?”

“నా ప్రాణాలు తోడేస్తుంది. లైటు వేస్తుంది. ముఖం మీది దుప్పటి లాగేస్తుంది. ముక్కులో వేలు పెడుతుంది. లేచి ఒక్కటి తగిలించానా, ఏడవదు సరికదా, పళ్ళికిలించి పోయి పడుకుంటుంది. కాసేపటికి మళ్ళీ హాజరు.”

చెబుతూనే ఆవులించింది తల్లి. సూపర్ మార్కెట్లో బిల్లుల కౌంటరు ఆమెది. మొన్న కూర్చున్నచోటే కునుకు తీసి మేనేజరు చేత చీవాట్లు తింది. బడిలో పిల్ల పరిస్థితీ అంతే. నిద్ర చాలని చిరాకులో పక్కపిల్లని కొరికింది. ఇంకోసారి కొరికితే వేరే బడి చూసుకోమన్నారు. పెంపకం సరిగ్గా లేదని ఇరుగుపొరుగు తేల్చేశారు. పిల్లని కన్నవాళ్ళకంటే పక్కింటివాళ్ళకే పెంపకం బాగా తెలుస్తుంది కదా.

“పగలైనా పడుకుంటుందా?”

“సెలవురోజు మధ్యాహ్నం నేను కుట్టుమిషను తొక్కుతుంటే ఆ గోలలో గురకపెట్టి నిద్రపోతుంది. నేను కాస్త నడుం వాల్చానా, టక్కున లేచి కూర్చుంటుంది. నామీద కక్ష కాకపోతే ఏమిటిది?”

“పిల్లలకి కక్షలేమిటమ్మా. దాని బుర్ర ఒకచోట నిలవదు, అంతే. కోప్పడకుండా నెమ్మదిగా చెప్పి చూశారా?”

“బతిమాలాను. దణ్ణం కూడా పెట్టాను. ‘ఇలాగే అల్లరి చేశావంటే ఏదో ఒక రాత్రి పడుకున్నదాన్ని పడుకున్నట్టే పోతానే, అప్పుడు తెలిసొస్తుంది నీకు’ అని దీనికి ఊహ తెలిసినప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. రాయైనా కరిగేది. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసే రకం ఇది. ఏ మాటా బుర్రకెక్కదు.”

డాక్టరమ్మ నవ్వింది. తన చిన్నప్పుడు వాళ్ళమ్మా అదే మాట అనేది. మందుల చీటీ ముందుకు లాక్కుని పెన్ను మూత తీసింది.

ఈ రాత్రి పడుకోవచ్చు అనుకోగానే తల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“పిల్లకి మత్తుమందు పెడుతున్నాను. నేను చెడ్డదాన్నా డాక్టరుగారూ?”

“అలిసిపోయారు. ఇది కొన్నాళ్ళకే లెండి. ఎంత మోతాదు రాయాలో బరువు చూసి చెబుతాను. రా తల్లీ, మిషనెక్కు.”

ఎక్కమంటే బొంగరానికి పండగే. మిషను మీద ఒంటికాలిమీద గెంతింది. ముల్లు ఒకచోట ఆగితేగా. దాన్ని కుదురుగా నిలబెట్టడానికి డాక్టరమ్మ మాటల్లోకి దింపింది.

“రాత్రుళ్ళు అమ్మని ఎందుకు లేపుతావు బంగారం?”

“ఇంకెందుకు, అల్లరి,” అంది తల్లి.

“పాపని చెప్పనివ్వండి. ఈ మాట ఇంతవరకూ దాన్నే ఎవరూ అడిగినట్టు లేదు.”

బొంగరం గెంతడం ఆపింది. ముల్లు నిలిచింది. తల్లి వంక ఓసారి చూసి, డాక్టరమ్మ చెవి దగ్గరికి వంగి, గదంతా వినబడేలా రహస్యం చెప్పింది.

“లేపను, అమ్మకి ఊపిరి ఉందో లేదో చూస్తాను.”