బోర్డు పీకేస్తే ఊరు పోదు

"మళ్లీ సున్నానే!" బ్లడ్ బ్యాంకు ఇన్‌చార్జి డాక్టరమ్మ మౌసు విసిరికొట్టినంత పని చేసింది. "ఫ్రీజర్ల నిండా రక్తం ప్యాకెట్లుంటే ఒక్కటీ లేదంటుందేంటి ఇది?"

పై అంతస్తులో ఆపరేషన్ బల్ల మీద ఓ మనిషి ఉన్నాడు. రక్తం ఎక్కించకపోతే బతకడు. ఆయనదేమో లక్షమందిలో ఒకరికి కూడా ఉండని గ్రూపు. ఏ బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసినా లేదన్నారు. ఆయన భార్య బ్లడ్ బ్యాంకు గుమ్మం పట్టుకుని నిలబడింది, వదిలితే పడిపోయేలా ఉంది.

ఆస్పత్రి కంప్యూటర్లు చూసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఎక్కడికైనా అలాగే వస్తుంది గనక అందరూ సుడిగాలి అంటారు.

"మేడమ్, పొద్దున సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ తీయించేసి పాతది పెట్టించారా?"

"లేబుళ్లు వంకరగా వస్తుంటే తీయించనా మరి!"

"తీయించారు సరే. వెతకడానికి వాడే ఇండెక్స్ మాత్రం కొత్తది తయారుచేసిందే ఉండిపోయింది. పాతదానికి అది చదవడం రాదు. రాదని ఒప్పుకోకుండా సున్నా అంటోంది. ఇండెక్స్ చెరిపేసి మళ్లీ కట్టిద్దాం."

"చెరిపేస్తావా? ఏళ్ల తరబడి గడ్డకట్టించి దాచిన ప్యాకెట్ల మీద నంబర్లు తప్ప ఏమీ ఉండవు. ఉన్న వివరాలూ పోతే నా కొంప మునుగుతుంది!"

"వివరాలు వేరే చోట భద్రంగా ఉన్నాయి మేడమ్. ఇండెక్స్ దారి చూపించే బోర్డు, అంతే. బోర్డు పీకేస్తే ఊరు పోదు."

ఫోన్ మోగింది. పైనుంచి సర్జన్ అరుపు గదంతా వినిపించింది. "దొరికిందా లేదా? రక్తం పోకుండా ఎలాగో ఆపి పట్టుకున్నాం, ఎంతోసేపు పట్టలేం!"

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. "కానివ్వు తల్లీ."

సుడిగాలి చెరిపేసి, మళ్లీ కట్టమని కొట్టింది. తెర మీద గీత కదిలింది. పావు వంతు... సగం... అక్కడ మొండికేసింది.

"కదలవే, నీకు పుణ్యముంటుంది!" అని బతిమాలింది డాక్టరమ్మ, అది కంప్యూటరన్న సంగతే మర్చిపోయి.

కదిలింది! నిండింది! సుడిగాలి గ్రూపు కొట్టి వెతికింది.

"రెండున్నాయి మేడమ్! రెండూ ఎప్పుడో ఒకరిచ్చినవే! మూడో ఫ్రీజరు, కింది అర!"

ఆ వయసులో డాక్టరమ్మ అంత పరుగు ఎలా తీసిందో ఆమెకే తెలియాలి. ప్యాకెట్లు దొరికాయి. కరిగించి పైకి పంపేదాకా ఆమె కూర్చోలేదు. కాసేపటికి ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి సర్జన్ అరవలేదు. "గండం గడిచింది" అన్నాడు.

పేషెంటు భార్య ఏడుస్తూనే నవ్వేసింది. "ఎవరమ్మా ఆ మహానుభావుడు? ఒక్కసారి చూపించండి, కాళ్ల మీద పడతాను!"

"దాత పేరు బయటికి చెప్పకూడదమ్మా, రూలు" అంటూ డాక్టరమ్మ తెర వైపు చూసింది. చేతిలోని పేషెంటు కాగితం చూసింది. మళ్లీ తెర చూసింది.

"కాళ్ల మీద ఇప్పుడే పడకండి, కుట్లు మాననివ్వండి" అంది. "అవి ఇచ్చింది మీ ఆయనే!"