జొన్నరొట్టె

"గోధుమలో ఉండే గ్లూటెన్ కొందరి పేగులకు విషమే, చిటికెడైనా సరే," అని డాక్టరమ్మ అనగానే ఆనందబాబు లేచాడు.

"నేను సైన్సు మాస్టారిని, మేడమ్. ఇదంతా వట్టి భ్రమ. మా ఆవిడ జొన్నపిండిలో రెండు నెలలుగా గోధుమపిండి కలుపుతున్నాను, ఆమెకు తెలీకుండా. కుఛ్ నహీ హువా!"

గోల్ ఘర్ హాల్లో ఆరోగ్య సదస్సుకొచ్చిన వాళ్ళంతా నవ్వారు. పక్కనే ఉన్న అతని భార్య కృపావతి తలతిప్పి అతనివైపు చూసింది. ఏడాది క్రితం తనది గ్లూటెన్ పడని జబ్బేనని తేలినప్పటినుంచి ఆమె గోధుమ ముట్టలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. "నిజంగా ఏమీ కాలేదా, దీదీ?"

కృపావతి నిలబడింది. "రోజూ కడుపునొప్పే, మేడమ్. చేపలవల్లేమో అని చేపలు మానేశాను. పాలవల్లేమో అని పాలూ మానేశాను. అన్నీ ఈయన కళ్ళముందే. చివరికి ఆ జొన్నరొట్టె ఒక్కటే నమ్మి తింటున్నాను."

నవ్వులు ఆగిపోయాయి.

"కృపా, కూర్చో. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అంటూ ఆనందబాబు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

కృపావతి చెయ్యి విడిపించుకుంది. "పేగు మళ్ళీ బాగవుతుందా, మేడమ్?"

"అవుతుంది. కానీ నెలలు పడుతుంది."

ఆమె తలూపి, ముందు వరుసలోకి వెళ్ళి ఒక్కతే కూర్చుంది. ఆనందబాబు ఇంకా నిలబడే ఉన్నాడు. అతన్ని కూర్చోమని ఎవరూ అనలేదు.