వేలు పట్టుకున్న చెయ్యి

ఎలక్ట్రీషియన్‌కి పగలంతా వైర్లతో స్నేహం, రాత్రయితే ఫొటోల్లో అడ్డొచ్చే వైర్లతో వైరం. కెమెరా కొన్నప్పటి నుంచీ ఏ ఫొటోలో చిన్న మచ్చ కనబడినా కంప్యూటర్‌లో తుడిచేసేదాకా అతనికి నిద్ర పట్టదు.

ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి మాత్రం వేరే కారణముంది. రెండుసార్లు కడుపు పోయిన భార్యకి ఇప్పుడు మూడో నెల. లోపల బిడ్డ గుండె కొట్టుకుంటోందో లేదో పొద్దున్నే స్కానింగులో తేలిపోతుంది.

మనసు మళ్లించుకుందామని, సాయంత్రం పార్కు బెంచీ మీద తీసిన ఆమె ఫొటో తెరిచాడు. ఒంటరిగా కూర్చున్న ఆమె చూపుడు వేలికి ఒక బుల్లి చెయ్యి ఆనుకుని ఉంది. చెయ్యి ఒక్కటే ఉంది, మనిషి లేడు.

కెమెరా చేసిన తప్పనుకుని తుడిచేశాడు. సేవ్ చేసి మళ్లీ తెరిచాడు. చెయ్యి అక్కడే ఉంది. ఇందాక ఊరికే ఆనుకున్న బుల్లి వేళ్లు ఇప్పుడు ఆమె వేలిని గట్టిగా చుట్టుకున్నాయి. ఇంట్లో ఫ్యాను చప్పుడు కూడా ఆగిపోయినట్టనిపించింది. మళ్లీ తుడవబోతుంటే వెనక నుంచి భార్య గొంతు వినబడింది.

"ఏంటండీ, అర్ధరాత్రి నా ముఖంలో మచ్చలు లెక్కపెడుతున్నారా?"

అతను దాచేలోపే ఆమె చూసేసింది. భయపడలేదు. తన వేలిని మెల్లగా తడుముకుంది.

"సాయంత్రం నుంచీ ఈ ఒక్క వేలే వెచ్చగా ఉంది. తుడవకండి. పట్టుకోనివ్వండి."

అతను కంప్యూటర్ ఆపబోయాడు.

"అదీ వద్దు," అందామె, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "చిన్నపిల్లల్ని చీకట్లో వదిలేస్తారేంటి, ఎవరైనా?"