వెనక సీటు

"పిట్టా, నువ్వు ఒడ్డునే ఉండు," అన్నాడు కోచ్.

పిట్ట మొహం మాడిపోయింది. పుల్లల్లాంటి చేతులు చూసి క్లాసంతా పెట్టిన పేరది. ఎదురుగా సముద్రం, దూరంగా పగడాల దిబ్బ. కయాక్ అనే సన్నటి తెడ్ల పడవ నడుపుకుంటూ అక్కడిదాకా వెళ్ళగలిగినవాళ్ళే నీళ్ళలో ఊపిరందించే స్నోర్కెల్ గొట్టం పెట్టుకుని చేపల లోకం చూస్తారు.

"నా కయాక్‌లో ముందు సీటు ఖాళీయే సర్. చెల్లి నాతో వస్తుంది," అన్నాడు పిట్ట అన్న. అతను ఫైనలియర్, కాలేజీకి కయాక్ ఛాంపియన్. పిడికి ఎర్ర టేపు చుట్టిన సొంత తెడ్డు లేనిదే నీళ్ళలో దిగడు.

కోచ్ అయిష్టంగానే తలూపాడు. "ముందు కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరక్కూడదు. తిరిగితే బోల్తానే. ఇంకోటి, తాడు కట్టి లాగించుకున్నవాళ్ళకి రేపు దీవి చుట్టి వచ్చే ఛాన్సు లేదు."

"వీళ్ళకేం భయం సర్? వెనక ఇంజను, ముందు సరుకు!" అన్నాడు క్లాసులో వాగుడుకాయని పేరుపడ్డవాడు. అందరూ పగలబడి నవ్వారు.

వెళ్ళేటప్పుడు గాలే తోసింది. దిబ్బ దగ్గర పిట్ట నీళ్ళలో తల ముంచగానే పసుపు చేపల గుంపొకటి ఆమె వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. సరుకన్న మాట కాసేపు మరిచిపోయింది.

తిరుగుదారిలో గాలి ఎదురు తిరిగింది. అన్నాచెల్లెళ్ళు అందరికంటే ముందు బయల్దేరారు. దిబ్బ దాటారో లేదో, పెద్ద అల ఒకటి కయాక్‌ని ఎత్తి కుదేసింది.

"అన్నయ్యా! ఉన్నావా?"

వెనక నీళ్ళు ఛళ్ళుమన్నాయి.

"ఉన్నానే, ఎక్కడికి పోతాను? వెనక్కి తిరక్కు. కుడి వెయ్యి! ఇప్పుడు ఎడమ!"

పిట్ట వేసింది. అరచేతుల్లో బొబ్బలు చిట్లాయి. ఉప్పునీళ్ళు తగిలి చుర్రుమన్నాయి.

"గట్టిగా లాగు అన్నయ్యా, కదలట్లేదు!"

"కదుల్తోంది, నువ్వాపకు. కుడి... మళ్ళీ కుడే!"

అతని గొంతులో ఆయాసమన్నదే లేదు. 'ఏం మనిషిరా బాబూ! నాకిక్కడ ప్రాణం పోతుంటే ఈయన వసారాలో కూర్చుని కబుర్లాడినట్టు మాట్లాడుతున్నాడు' అనుకుంది. పళ్ళు బిగించి మళ్ళీ తెడ్డు వేసింది.

కోచ్ మోటారు పడవ పక్కకొచ్చింది. "తాడు వెయ్యనా?"

"వద్దు సర్!"

కోచ్ చూపు ఆమె వెనక్కి వెళ్ళింది. ఏదో అనబోయి ఆగిపోయాడు. "సరే, కానివ్వు," అని తాడు కింద పెట్టేశాడు. ఒడ్డు దగ్గరపడేదాకా వెనకే వచ్చి, అప్పుడు మిగతావాళ్ళ కోసం పడవ తిప్పాడు.

కయాక్ ముక్కు ఇసుకలో దిగబడింది. పిట్ట దూకి, నాలుగడుగులు తూలి, వెల్లకిలా పడి కళ్ళు మూసుకుంది.

"థాంక్స్ అన్నయ్యా. నువ్వు లాగకపోతే..."

"నేనేం లాగాను?"

"చాల్లే, నీ వినయం!"

ఒక్కో కయాకూ ఒడ్డుకి చేరింది. అన్నిటికంటే చివర, మోటారు పడవకి తాడుతో కట్టిన వాగుడుకాయ కయాక్ వచ్చింది. ఈసారి నవ్వు అతని మీదకి మళ్ళింది.

"మాకూ వెనక ఛాంపియన్ ఉంటే ఇలాగే దూసుకొచ్చేవాళ్ళం," అన్నాడు వాగుడుకాయ ఉక్రోషంగా.

పిట్ట లేచి కూర్చుని తల దించుకుంది. కాదని ఎలా అంటుంది?

"ముందు నువ్వు తెచ్చింది వాళ్ళకిచ్చెయ్యరా," అన్నాడు కోచ్, నవ్వు ఆపుకుంటూ.

వాగుడుకాయ కయాక్ అడుగు నుంచి ఒక తెడ్డు తీశాడు. పిడికి ఎర్ర టేపు. "దిబ్బ దగ్గర తేలుతోందన్నా. నీదే కదూ?"

"నాదేరా," అన్నాడు అన్న, చెల్లెలి భుజం మీద చెయ్యేసి. "ఆ పెద్ద అల లాక్కుపోయింది. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా సరుకుని నేనే."